కంప్యూటరు క్లస్టరులో పనుల, నోడ్ల స్థితి పర్యవేక్షణ

కంప్యూటరు క్లస్టరులో స్థితి పర్యవేక్షణ అంటే, ఒకే యంత్రంగా పనిచేసేటట్లు అనుసంధానించిన అనేక కంప్యూటర్లలో ఏది పనిచేస్తున్నది, ఏది ఖాళీగా ఉన్నది, ఏది చెడిపోయినది, వాటికి అప్పగించిన పనులు ఏ దశలో ఉన్నవి అనే సమాచారాన్ని నిరంతరం సేకరించి వాడుకరులకూ నిర్వాహకులకూ అందజేసే విధానం. క్లస్టరులోని ఒక్కొక్క కంప్యూటరును నోడు అంటారు. వాడుకరి అప్పగించే ఒక్కొక్క గణనకార్యాన్ని జాబ్ అంటారు. ఈ వ్యాసంలో దానిని "పని" అని వ్యవహరించడం జరిగింది.

పర్యవేక్షణ పట్టికలో కనిపించేది నోడు గురించి అందిన నివేదిక మాత్రమే. నివేదికకూ వాస్తవానికీ మధ్య కొంత కాలవ్యవధి, ఒక్కోసారి కొంత వ్యత్యాసం ఉంటాయి. పాఠశాలలో హాజరు పట్టీ విద్యార్థి తరగతిలో ఉన్నాడని చెబుతుంది గాని, పాఠం వింటున్నాడో లేదో చెప్పదు. క్లస్టరు స్థితి పట్టికకూ ఇదే పరిమితి ఉన్నది. దీనిని గుర్తెరిగి చదివినవారికి ఆ పట్టిక చాలా విషయాలు చెబుతుంది.

నేపథ్యం

క్లస్టరులో సాధారణంగా మూడు రకాల యంత్రాలు ఉంటాయి. వాడుకరులు ప్రవేశించి తమ ప్రోగ్రాములను సిద్ధం చేసుకునేది లాగిన్ నోడు. అసలు గణన జరిగేవి కంప్యూట్ నోడ్లు. వీటి సంఖ్య పదుల నుండి వేల వరకు ఉండవచ్చు. ఎవరి పనిని ఎప్పుడు, ఏ నోడ్లపై నడపాలో నిర్ణయించే షెడ్యూలరు ప్రోగ్రాము నడిచేది నియంత్రణ నోడు. వాడుకరి తనకు ఎన్ని నోడ్లు, ఎంత మెమరీ, ఎంత సమయం కావాలో ఒక చిన్న ఫైలులో రాసి షెడ్యూలరుకు అప్పగిస్తాడు. పని వరుసలో నిలబడి, తన వంతు వచ్చినప్పుడు నడుస్తుంది. ఆ సమయంలో వాడుకరి యంత్రం ముందు ఉండనవసరం లేదు. అందువల్లనే పని ఏమయినదో తెలుసుకునే మార్గం అవసరమవుతుంది.

నోడ్ల సంఖ్య పెరిగేకొద్దీ పర్యవేక్షణ ప్రాముఖ్యం ఎందుకు పెరుగుతుందో చిన్న లెక్కతో గ్రహించవచ్చు. ఒక నోడు సగటున 5 సంవత్సరాలకు, అంటే సుమారు 1,825 రోజులకు ఒకసారి చెడిపోతుందని అనుకుందాం. ఇంట్లో వాడే ఒక్క కంప్యూటరుకు ఇది చాలా మంచి మన్నిక. అటువంటి 1,000 నోడ్లు ఉన్న క్లస్టరులో సగటున రెండు రోజులకు ఒక నోడు కంటె ఎక్కువే చెడిపోతాయి. పైగా అనేక నోడ్లపై ఒకేసారి నడిచే సమాంతర ప్రోగ్రాములలో ఒక్క నోడు ఆగిపోయినా సాధారణంగా మొత్తం పని ఆగిపోతుంది. నాలుగు రోజుల గణన చివరి గంటలో నశించవచ్చు. తుపాను గమనాన్ని లెక్కించే గణన అయితే, ఆలస్యంగా వచ్చిన ఫలితం సరైనదే అయినా నిరుపయోగం.

చరిత్ర

1988లో విస్కాన్సిన్-మాడిసన్ విశ్వవిద్యాలయంలో మొదలైన కాండోర్ ప్రాజెక్టు ఖాళీగా ఉన్న వర్క్‌స్టేషన్లను గుర్తించి వాటిపై ఇతరుల పనులను నడిపేది. ఏ యంత్రం ఖాళీగా ఉన్నదో తెలుసుకోవడమే దానికి ఆధారం. 2012లో దీని పేరు హెచ్‌టీకాండోర్‌గా మారింది. 1990ల తొలి సంవత్సరాలలో అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన ఏమ్స్ పరిశోధన కేంద్రం కోసం పోర్టబుల్ బ్యాచ్ సిస్టమ్, అంటే పీబీఎస్ రూపొందింది. పనుల వరుసను చూపే క్యూస్టాట్, నోడ్ల స్థితిని చూపే పీబీఎస్‌నోడ్స్ అనే ఆదేశాలు ఈ కుటుంబానికి చెందినవే.

1994లో నాసాకే చెందిన గొడార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ 16 సాధారణ కంప్యూటర్లను ఈథర్నెట్‌తో కలిపి బేవుల్ఫ్ అనే క్లస్టరును నిర్మించారు. బజారులో దొరికే చవక యంత్రాలతో, ఉచితంగా లభించే లినక్సుతో సూపర్ కంప్యూటరు తరహా పనిని సాధించవచ్చని ఇది నిరూపించింది. విశ్వవిద్యాలయాలకు క్లస్టర్లు అందుబాటులోకి రావడంతో వాటిని కనిపెట్టి ఉండే సాఫ్టువేరు అవసరమూ పెరిగింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణంలో గాంగ్లియా అనే పర్యవేక్షణ వ్యవస్థ రూపుదిద్దుకున్నది. ఇది ప్రతి నోడులోని ప్రాసెసరు భారం, మెమరీ, నెట్‌వర్కు రాకపోకలను గ్రాఫులుగా చూపుతుంది.

2000ల ఆరంభంలో అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ జాతీయ ప్రయోగశాలలో స్లర్మ్ అనే షెడ్యూలరు అభివృద్ధి ప్రారంభమైంది. నేడు పెద్ద క్లస్టర్లలో విస్తృతంగా వాడుకలో ఉన్నది ఇదే. 2012లో మొదలైన ప్రొమీథియస్, 2014లో వెలువడిన గ్రఫానా అనే సాధనాలు కొలతలను దాచి గ్రాఫులుగా చూపే పనికి ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నారు. ఈ వ్యాసంలోని వివరాలకు స్లర్మ్‌ను ఉదాహరణగా తీసుకోవడమైనది. పేర్లు మారినా ఇతర షెడ్యూలర్లలోనూ సూత్రం ఒక్కటే.

సమాచారం చేరే విధానం

స్లర్మ్‌లో ప్రతి కంప్యూట్ నోడుపై ఒక చిన్న సేవక ప్రోగ్రాము ఎల్లప్పుడూ నడుస్తూ ఉంటుంది. నియంత్రణ నోడుపై ప్రధాన ప్రోగ్రాము ఉంటుంది. ప్రధాన ప్రోగ్రాము నిర్ణీత వ్యవధిలో సేవకులను పలకరిస్తుంది. వేల నోడ్లను ఒక్కటే పలకరిస్తే భారమవుతుంది కాబట్టి, సందేశం చెట్టు కొమ్మల వలె నోడు నుండి నోడుకు సాగి, జవాబులు అదే దారిన తిరిగి వస్తాయి.

జవాబు రాని నోడును వెంటనే చెడిపోయినదిగా ప్రకటించరు. మొదట దాని స్థితి పక్కన ఒక నక్షత్రపు గుర్తు కనిపిస్తుంది. "ఈ నోడు ప్రస్తుతం పలకడం లేదు" అని దీని అర్థం. మామూలు అమరికలో 300 సెకన్లు గడిచినా జవాబు రాకపోతేనే నోడు "డౌన్" స్థితికి మారుతుంది. ఈ గడువు మరీ తక్కువైతే, నెట్‌వర్కులో క్షణకాలపు అంతరాయానికే మంచి నోడ్లపై నడుస్తున్న పనులు రద్దవుతాయి. మరీ ఎక్కువైతే, చెడిన నోడు చాలాసేపు మంచిదిగా కనిపిస్తుంది. ఏ గడువులోనైనా ఈ రెండు నష్టాలలో ఒకటి కొంతవరకు భరించక తప్పదు.

నోడు పలకకపోవడానికి కారణం ఎప్పుడూ యంత్రం చెడిపోవడమే కాదు. స్లర్మ్‌లో సందేశాలను ధ్రువపరచడానికి సాధారణంగా మంజ్ అనే సాధనాన్ని వాడతారు. అది సందేశం తయారైన సమయాన్ని కూడా పరిశీలిస్తుంది. నోడులోని గడియారం బాగా తప్పితే, యంత్రమూ నెట్‌వర్కూ బాగానే ఉన్నా దాని సందేశాలు తిరస్కరింపబడతాయి. క్లస్టరులోని గడియారాలన్నిటినీ ఒకే సమయానికి కట్టి ఉంచడం ఇందువల్ల ముఖ్యం.

ఆపరేటింగ్ సిస్టమ్ పూర్తిగా స్తంభించినప్పుడు దానిపై నడిచే సేవక ప్రోగ్రాము ఏమీ చెప్పలేదు. అందుకే సర్వర్ల మదర్‌బోర్డుపై వేరుగా ఒక చిన్న నియంత్రక చిప్పు ఉంటుంది. దానితో సంభాషించడానికి 1998లో ఐపీఎంఐ అనే ప్రమాణం వెలువడింది. ఉష్ణోగ్రత, ఫ్యాన్ల వేగం, విద్యుత్తు సరఫరా వంటివి దీని ద్వారా తెలుస్తాయి. స్తంభించిన నోడును దూరం నుండే ఆపి, తిరిగి ప్రారంభించడమూ సాధ్యమే.

నోడ్ల స్థితులు

నోడ్ల స్థితిని ఎస్‌ఇన్ఫో అనే ఆదేశంతో చూడవచ్చు. తరచుగా కనిపించే స్థితులు ఇవి:

* ఐడిల్ - నోడు పలుకుతున్నది, దానిపై ఏ పనీ లేదు.
* అలొకేటెడ్ - నోడులోని ప్రాసెసరు కోర్లన్నీ పనులకు కేటాయించబడినవి.
* మిక్స్‌డ్ - కొన్ని కోర్లు కేటాయించబడినవి, కొన్ని ఖాళీగా ఉన్నవి.
* కంప్లీటింగ్ - పని ముగిసింది, దాని అవశేషాలను తొలగించడం జరుగుతున్నది.
* డ్రెయినింగ్ - నిర్వాహకులు ఈ నోడును తప్పించదలచారు. ఇప్పుడున్న పనులు పూర్తయ్యే వరకు నడుస్తాయి, కొత్తవి రావు.
* డ్రెయిన్డ్ - పాత పనులు కూడా ముగిసి, నోడు మరమ్మతుకు సిద్ధంగా ఉన్నది.
* డౌన్ - నోడు వాడుకకు లేదు.

డ్రెయిన్, డౌన్ అనే రెండింటినీ చాలామంది ఒకటిగా భావిస్తారు. డౌన్ అయిన నోడుపై ఉన్న పనులు పోయినట్లే. డ్రెయిన్ మాత్రం, నడుస్తున్న పనికి హాని లేకుండా నోడును మెల్లగా ఖాళీ చేసే పద్ధతి. నోడును డ్రెయిన్ చేసేటప్పుడు నిర్వాహకులు కారణాన్ని కూడా రాయాలి. ఆ కారణమూ, రాసిన సమయమూ ఎస్‌ఇన్ఫోకు ఆర్ అనే పెద్ద అక్షరం జోడిస్తే కనిపిస్తాయి. "మెమరీ లోపం" అని స్పష్టంగా రాసిన నోడు త్వరగా బాగుపడుతుంది. "సమస్య ఉంది" అని మాత్రమే రాస్తే, నెల గడిచాక ఆ సమస్య ఏమిటో ఎవరికీ గుర్తుండదు.

కొన్ని సందర్భాలలో షెడ్యూలరు తానే నోడును డ్రెయిన్ చేస్తుంది. పని ముగిసినా దాని ప్రోగ్రాము నిర్ణీత కాలంలో మెమరీ నుండి తొలగకపోతే, "కిల్ టాస్క్ ఫెయిల్డ్" అనే కారణంతో నోడు పక్కకు తప్పించబడుతుంది. ఉమ్మడి ఫైలు నిల్వ వ్యవస్థ జవాబివ్వక, ఆ ప్రోగ్రాము చదవడానికో రాయడానికో ఎదురుచూస్తూ ఇరుక్కుపోవడం దీనికి తరచు కారణం. ఒకేసారి అనేక నోడ్లు ఈ కారణంతో తప్పుకుంటే, లోపాన్ని నోడ్లలో కాక నిల్వ వ్యవస్థలో వెతకాలి.

పనుల స్థితులు

పనుల వరుసను ఎస్‌క్యూ అనే ఆదేశం చూపుతుంది. మొదటి స్థితి పెండింగ్. పని పెండింగ్‌లో ఉన్నదంటే ఏదో లోపం ఉన్నదని కొత్త వాడుకరులు కలవరపడుతుంటారు. దాని పక్కనే కుండలీకరణాలలో కారణం రాసి ఉంటుంది:

* ప్రయారిటీ - ప్రాధాన్యం ఎక్కువ ఉన్న ఇతర పనులు ముందున్నాయి.
* రిసోర్సెస్ - ఈ పని వరుసలో ముందుకు వచ్చింది, కావలసిన నోడ్లు ఖాళీ కావాలి.
* డిపెండెన్సీ - మరొక పని ముగియాలి.
* పార్టిషన్ టైమ్ లిమిట్ - ఆ విభాగంలో అనుమతించిన దానికంటె ఎక్కువ సమయం అడిగారు.
* డిపెండెన్సీ నెవర్ శాటిస్ఫైడ్ - ముందు ముగియవలసిన పని విఫలమైంది, కాబట్టి ఈ పని ఎన్నటికీ ప్రారంభం కాదు.

మొదటి మూడింటికి చేయవలసినది ఎదురుచూడడమే. చివరి రెండింటి విషయంలో ఎదురుచూపు వృథా, పనిని సరిదిద్ది తిరిగి అప్పగించాలి. రెండు రకాలూ పట్టికలో పెండింగ్‌గానే కనిపిస్తాయి కాబట్టి స్థితిని మాత్రమే చూసి కారణాన్ని చూడనివారు రోజుల తరబడి నష్టపోగలరు.

నడుస్తున్న పని స్థితి రన్నింగ్. ముగిసిన పని స్థితులు అనేకం. కంప్లీటెడ్ అంటే ప్రోగ్రాము తప్పు లేదని తెలుపుతూ ముగిసింది. ఫెయిల్డ్ అంటే ప్రోగ్రాము తానే తప్పును సూచిస్తూ ముగిసింది. టైమౌట్ అంటే అడిగిన సమయం అయిపోయింది. అప్పుడు షెడ్యూలరు మొదట ముగించమని సంకేతం పంపి, మామూలు అమరికలో 30 సెకన్ల తరువాత బలవంతంగా ఆపివేస్తుంది. అవుట్ ఆఫ్ మెమరీ అంటే కేటాయించిన దానికంటె ఎక్కువ మెమరీ వాడింది. నోడ్ ఫెయిల్ అంటే తప్పు పనిది కాదు, నోడుది.

నోడ్ ఫెయిల్ అయిన పనిని స్లర్మ్ మామూలు అమరికలో తిరిగి వరుసలో చేరుస్తుంది. అయితే అది ఆగిన చోటి నుండి కాక మొదటి నుండి నడుస్తుంది. పాత ఫైళ్ళపైనే తిరిగి రాసే ప్రోగ్రాము అయితే అంతకుముందు వచ్చిన ఫలితాలు కూడా తుడిచిపెట్టుకుపోతాయి. మధ్య మధ్య స్థితిని డిస్కుపై భద్రపరచి, తిరిగి మొదలైనప్పుడు దానిని చదువుకునేటట్లు ప్రోగ్రాము రాయడమే దీనికి విరుగుడు.

ముగిసిన పనులు మామూలు అమరికలో 300 సెకన్ల తరువాత ప్రధాన ప్రోగ్రాము జ్ఞాపకం నుండి తొలగిపోతాయి. ఆ తరువాత ఎస్‌క్యూలో వెతకడం దండగ. లెక్కల డేటాబేసు ఏర్పాటు చేసిన చోట ఎస్‌యాక్ట్ అనే ఆదేశంతో పాత పనుల వివరాలు చూడవచ్చు. అందులో నిష్క్రమణ సంఖ్య రెండు భాగాలుగా ఉంటుంది. మొదటిది ప్రోగ్రాము తిరిగి ఇచ్చిన సంఖ్య, రెండవది దానిని ఆపిన సంకేతపు సంఖ్య. రెండూ సున్నా అయితే ప్రోగ్రాము తప్పును సూచించలేదని అర్థం. ఫలితం సరైనదా అన్నది వేరే ప్రశ్న, దానికి ఫలితాన్నే పరిశీలించాలి.

నోడ్లు ఖాళీగా ఉన్నా పని ప్రారంభం కాకపోవడం

ఎస్‌ఇన్ఫోలో నోడ్లు ఐడిల్ అని, ఎస్‌క్యూలో తన పని పెండింగ్ అని ఒకేసారి చూసిన వాడుకరికి షెడ్యూలరు పక్షపాతం చూపుతున్నదనిపించడం సహజం. చాలా సందర్భాలలో కారణం ఇలా ఉంటుంది. 10 నోడ్ల క్లస్టరులో 4 నోడ్లపై ఒక పని నడుస్తూ, ఇంకా 3 గంటలు మిగిలి ఉన్నదనుకుందాం. 6 నోడ్లు ఖాళీ. వరుసలో మొదటి పనికి 10 నోడ్లూ కావాలి. దాని వెనుక ఉన్న మీ పనికి 2 నోడ్లు చాలు గాని, మీరు 10 గంటలు అడిగారు. మీ పనిని ఇప్పుడే మొదలుపెడితే, 3 గంటల తరువాత మొదలు కావలసిన పెద్ద పని మరో 7 గంటలు ఆగవలసి వస్తుంది. చిన్న పనులు ఇలా ఒకదాని వెంట ఒకటి దూరుతూ ఉంటే పెద్ద పనికి వంతు ఎన్నటికీ రాదు. అందుకని షెడ్యూలరు ఆ నోడ్లను ఖాళీగానే అట్టిపెడుతుంది.

అదే పనికి మీరు 2 గంటలు అడిగి ఉంటే, పెద్ద పనికి ఆటంకం లేదు కాబట్టి అది వెంటనే ప్రారంభమయ్యేది. మధ్య ఖాళీలను ఈ విధంగా చిన్న పనులతో పూరించే పద్ధతిని బ్యాక్‌ఫిల్ అంటారు. అవసరానికి దగ్గరగా సమయం అడిగిన వాడుకరి లాభపడేది ఇక్కడే. పని ఎప్పుడు ప్రారంభం కావచ్చో ఎస్‌క్యూకు "స్టార్ట్" అని జోడించి అడిగితే షెడ్యూలరు తన అంచనాను చూపుతుంది. ఇతరుల పనులు అనుకున్నదానికంటె ముందే ముగిసినా, కొత్త పనులు ముందుకు వచ్చినా ఆ అంచనా మారుతుంది.

రన్నింగ్ స్థితికీ పురోగతికీ తేడా

రన్నింగ్ అంటే పనికి నోడ్లు కేటాయించబడినవి, సమయం లెక్కలో పడుతున్నది అని మాత్రమే. ప్రోగ్రాము ముందుకు సాగుతున్నదా అనేది వేరే విషయం. దీనిని గుర్తించడానికి నోడుపై భారాన్ని చూడడం మొదటి మెట్టు. 64 కోర్లు అడిగిన పని ఒక్క కోరునే వాడుతుంటే, మిగిలిన 63 కోర్లు ఇతరులకు అందకుండా వృథా అవుతాయి. అడిగినదానిలో ఎంత వాడుకున్నారో పని ముగిశాక లెక్కించి చూపే సెఫ్ అనే ఉపకరణం చాలా క్లస్టర్లలో ఉంటుంది.

అయితే భారపు సంఖ్య కూడా రెండు విధాలుగా తప్పుదారి పట్టించగలదు. సమాంతర ప్రోగ్రాములలోని భాగాలు ఒకదాని సందేశానికి మరొకటి ఎదురుచూసేటప్పుడు, "వచ్చిందా, వచ్చిందా" అని ఆగకుండా పరీక్షిస్తూ ప్రాసెసరును పూర్తిగా వాడుకోవడం సాధారణం. రెండు భాగాలు పరస్పరం ఎదురుచూస్తూ శాశ్వతంగా ఇరుక్కుపోయినా, భారం నూరు శాతంగానే కనిపిస్తుంది. రెండవది, లినక్సులో సగటు భారం అనే సంఖ్యలో డిస్కు కోసం కదలలేక ఆగి ఉన్న ప్రోగ్రాములు కూడా లెక్కకు వస్తాయి. కనుక ఏ గణనా జరగని నోడు కూడా అధిక భారంతో ఉన్నట్లు కనిపించవచ్చు.

పురోగతికి నమ్మదగిన సాక్ష్యం ప్రోగ్రాము స్వయంగా రాసే చిట్టా ఫైలు. ఎన్నవ ఆవృత్తిలో ఉన్నదో, చివరిసారి ఎప్పుడు రాసినదో చూస్తే విషయం తెలుస్తుంది. పది నిమిషాలకు ఒక వరుస రాసే ప్రోగ్రాము రెండు గంటలుగా ఏమీ రాయలేదంటే, పట్టికలో రన్నింగ్ అని ఉన్నా దానిని పరిశీలించవలసిందే.

చెడిన నోడు పనులను మింగివేయడం

నిర్వాహకులు ఎక్కువగా భయపడేది పూర్తిగా ఆగిపోయిన నోడుకు కాదు, సగం చెడి పలుకుతున్న నోడుకు. ఒక నోడుకు ఉమ్మడి ఫైలు వ్యవస్థతో సంబంధం తెగిందని అనుకుందాం. సేవక ప్రోగ్రాము మాత్రం బాగానే జవాబిస్తున్నది. దానిపైకి వచ్చిన పని తన ఫైళ్ళు కనబడక కొన్ని సెకన్లలోనే విఫలమవుతుంది. నోడు మళ్ళీ ఐడిల్ అవుతుంది. షెడ్యూలరు మరొక పనిని పంపుతుంది, అదీ విఫలమవుతుంది. మంచి నోడ్లు గంటల తరబడి పనిలో ఉండగా, ఎప్పుడూ ఖాళీగా కనిపించేది ఈ చెడిన నోడే కాబట్టి వరుసలోని పనులన్నీ దానివైపే వెళతాయి. రాత్రి అప్పగించిన వందల పనులు తెల్లవారేసరికి విఫలమై కనిపిస్తాయి. ఇటువంటి దానిని కృష్ణబిలం నోడు అంటారు.

దీనిని అరికట్టడానికి ఆరోగ్య పరీక్ష ప్రోగ్రామును ఏర్పాటు చేస్తారు. ఫైలు వ్యవస్థ అందుతున్నదా, మెమరీ మొత్తం కనిపిస్తున్నదా, డిస్కులో చోటు ఉన్నదా, వేగవంతమైన నెట్‌వర్కు తన పూర్తి వేగంతో ఉన్నదా అని అది నిర్ణీత వ్యవధిలో పరీక్షించి, లోపం కనబడితే నోడును డ్రెయిన్ చేస్తుంది. వాడుకరి కూడా ఇందుకు తోడ్పడగలడు. అనేక పనులు కొద్ది సెకన్లలోనే విఫలమైతే, అవి ఏ నోడుపై నడిచాయో ఎస్‌యాక్ట్‌లో చూడాలి. అన్నిటికీ ఒకే నోడు పేరు ఉంటే నిర్వాహకులకు తెలియజేసి, ఆ నోడును మినహాయించి పనులను తిరిగి అప్పగించవచ్చు.

పర్యవేక్షణ వల్ల కలిగే భారం

స్థితిని అడగడం కూడా ఒక పనే. ఎస్‌క్యూను పిలిచిన ప్రతిసారీ ప్రధాన ప్రోగ్రాము జవాబివ్వవలసి ఉంటుంది. వందమంది వాడుకరులు సెకనుకొకసారి అడిగే ప్రోగ్రాములు రాసి వదిలితే, షెడ్యూలింగు మందగించి అందరి పనులూ ఆలస్యమవుతాయి. పని ముగిసినప్పుడు ఈమెయిలు పంపమని కోరడం, తరువాతి పనిని ముందు పనిపై ఆధారపడేటట్లు అప్పగించడం ఇంతకంటె మేలైన పద్ధతులు. ఏ సమాచారాన్ని ఎంత తరచుగా సేకరించాలనే ప్రశ్న నిర్వాహకులకూ ఉంటుంది. ప్రతి చిన్న మార్పుకూ హెచ్చరిక పంపే వ్యవస్థ హెచ్చరికలను ఎవరూ చదవరు.

భారతదేశంలో

పుణెలోని సీ-డాక్ సంస్థ 1991లో పరమ్ 8000 అనే సమాంతర కంప్యూటరును రూపొందించింది. 2015లో ప్రారంభమైన జాతీయ సూపర్ కంప్యూటింగ్ మిషన్ కింద విద్యాసంస్థలలో క్లస్టర్లు నెలకొల్పబడ్డాయి. వీటిలో మొదటిదైన పరమ్ శివాయ్ 2019లో వారణాసిలోని ఐఐటీ (బీహెచ్‌యూ)లో ప్రారంభమైంది. తెలంగాణలోని సంగారెడ్డి జిల్లా కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాదులో పరమ్ సేవ అనే క్లస్టరు ఉన్నది. పరమ్ శివాయ్ వంటి యంత్రాలలో పనులను అప్పగించడానికి స్లర్మ్‌ను వాడతారు. కాబట్టి పైన వివరించిన ఆదేశాలు, స్థితులు మన విద్యార్థులకు నేరుగా ఎదురయ్యేవే.

ఇవి కూడా చూడండి

* సూపర్ కంప్యూటరు
* సమాంతర గణన
* లినక్సు
* ఆపరేటింగ్ సిస్టమ్
* సీ-డాక్